షాండ్లియర్ కొనే ముందు

చిరంజీవి సుజాతకు,

దీవెనలు. కొత్త ఇంటి హాల్లోకి పాతకాలపు క్రిస్టల్ షాండ్లియర్ కొంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్ ఖిల్వత్ హాల్లో ఆ 19 బెల్జియం దీపాల కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడ్డ పిల్లవి నువ్వు. మనసు నిండింది. ఆ వెంటనే గుండెలో రాయి పడింది.

గది కొలతలు, పైకప్పు ఎత్తు రాసుకుని వెళ్లు. బేరం నీకు నేర్పనక్కరలేదు.

దుకాణంలో వెలిగించి చూపిస్తారు, ఆర్పమను. వెలుగులో ఏ గాజైనా మెరుస్తుంది. పగటి వెలుతురులో వేలాడే గాజు లోలకాలను ఒక్కొక్కటీ వేళ్ల మధ్య తిప్పి చూడు. చేత్తో సానపట్టిన క్రిస్టల్ అంచు పదునుగా తగులుతుంది. అచ్చులో పోసిన గాజు అంచు మొద్దుగా ఉంటుంది, పక్కన సన్నటి అతుకు గీత కనిపిస్తుంది. సీసం కలిసిన గాజు బరువుగా ఉంటుంది, గోటితో మీటితే ఖంగున మోగుతుంది. కొన్ని కొత్త లోలకాలు కలిసినా తప్పు లేదు, ధర తగ్గించాలి అంతే. ప్రతిదాన్నీ బెల్జియం అంటారు, నమ్మకు. బర్మింగ్‌హామ్ ఆస్లర్ కంపెనీకి కలకత్తాలోనే దుకాణం ఉండేది, సంస్థానాలకు ఆ సరుకు బాగా వెళ్లింది. ఆ పేరు చెప్పి ఎక్కువ అడిగితే ముద్ర చూపించమను.

ఇక నా భయం. నా స్నేహితుడొకడు కూతురి పెళ్లికని ఇలాంటిదే కొన్నాడు. గాజంతా తళతళలాడింది, ఇత్తడికి మెరుగు పెట్టించారు. కానీ నడిమి కాడ ఇనుముది. దాని చుట్టూ గాజు గిన్నెలు తొడిగి ఉంటాయి కాబట్టి బయటికి కనిపించదు. ఎవరూ విప్పి చూడలేదు. పెళ్లి ముందురోజు తెల్లవారుజామున, పై మర దగ్గర తుప్పు తిన్న ఆ కాడ తెగి మొత్తం భోజనాల బల్ల మీద పడింది. రాత్రంతా ఆ బల్ల చుట్టూ ఆడపిల్లలు పూలు కట్టారు, పడడానికి కాసేపటి ముందే లేచి వెళ్లారు. ఆ గాజు ఊడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈనాటికీ షాండ్లియర్ కనబడితే ముందు దాని కింద ఎవరున్నారో చూస్తాను.

అందుకే గిన్నెలు తీయించి కాడ పైనుంచి కిందిదాకా చూడు. విప్పనంటే మాట్లాడకుండా వచ్చెయ్. ఎంత అందమైనా సరే, మొహమాటపడ్డావంటే నాకు కోపం వస్తుంది.

విప్పేటప్పుడు ప్రతి కొమ్మకూ చీటీ కట్టించు, ఫోటోలు తీయి. కొవ్వొత్తుల కాలం నాటి వాటికి కరెంటు తర్వాత పెట్టి ఉంటారు. గుడ్డ చుట్టిన పాత తీగలు ముట్టుకుంటే పొడి రాలతాయి. అన్నీ మార్పించి ఎర్త్ వేయించు. ఫ్యాను కొక్కేనికి, ఫాల్స్ సీలింగ్‌కు తగిలించొద్దు. బరువు తూయించి, స్లాబుకు ఈ వైపు నుంచి ఆ వైపుకు దిగేలా బోల్టు వేయించు.

డబ్బు చాలకపోతే చెప్పు తల్లీ, సంకోచించకు. వచ్చే ఆదివారం వస్తాను. నేను కొక్కెం చూసేదాకా బాబు ఉయ్యాల హాల్లో వేయకు.

మీ పెదనాన్న