పేరు చివర్లో చదువు: పాత బేస్‌బాల్ గ్లవ్‌లు కొంటున్న మేనల్లుడికి

సెయింట్ లూయిస్

చి. శ్రీకాంత్‌కు మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన బేస్‌బాల్ గ్లవ్ ఫోటోలు చూశాను. "మిక్కీ మాంటిల్ సంతకం ఉంది మామయ్యా, మూడొందలు అడుగుతున్నాడు, తీసేసుకోనా?" అన్నావు. మర్నాడే అక్క ఫోన్ చేసింది. గరాజంతా పాత తోలు కంపు కొడుతోందనీ, నాలుగు చీవాట్లు పెట్టమనీ చెప్పింది. మా బేస్‌మెంట్ నువ్వు చూసినవాడివే కాబట్టి నిన్ను మానమనే మొహం నాకు లేదు. కొనేదేదో తెలిసి కొనమని మాత్రం చెప్తాను.

ముందు ఆ సంతకం సంగతి. అది ఆ బేస్‌బాల్ వీరుడు మాంటిల్ స్వయంగా పెట్టింది కాదు అల్లుడూ, ఫ్యాక్టరీలో అచ్చుతో కొట్టిన ముద్ర. కంపెనీ ఆటగాడికి డబ్బిచ్చి పేరు వాడుకునే హక్కు తీసుకుంటుంది, అతని సంతకం నమూనాతో అచ్చు చేయించి అరచేతి తోలు మీద నొక్కేస్తుంది. ఒకే సంతకం అలా వేల గ్లవ్‌ల మీద ఉంటుంది. వేలితో తడిమితే అక్షరాలు తోలులోకి దిగి ఉన్నట్టు తెలుస్తుంది. పెన్నుతో పెట్టిన అసలు సంతకం పూర్తిగా వేరే వ్యాపారం, మోసం ఎక్కువగా ఉన్న వ్యాపారం కూడా. ఇంకో రెండేళ్ళ దాకా అటు వెళ్ళకు.

ఈ పిచ్చిలోకి కొత్తగా వచ్చినవాళ్ళందరూ ముందు పేరు చదువుతారు. నన్నడిగితే పేరు ఆఖర్న చదవాలి. పేర్లు దశాబ్దాల పాటు మారకుండా నడుస్తాయి, కుట్టిన తీరు మాత్రం పదేళ్ళకోసారైనా మారుతుంది. వయసు చెప్పేది ఆ కుట్టిన తీరే.

బిల్ డోక్ సంగతి చూడు. మా ఊరి కార్డినల్స్ టీమ్‌లో పిచర్, అంటే బ్యాట్స్‌మన్‌కి బంతి విసిరేవాడు. అప్పటిదాకా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక తోలు ముక్క ఉండేది, అంతే. దాని బదులు సన్నటి తోలు తాళ్ళు వరసగా అల్లితే బంతి వచ్చి కూర్చునే చోటు ఏర్పడుతుందని 1919లో అతను ఇక్కడి రాలింగ్స్ కంపెనీకి చెప్పాడు. 1920లో ఆ గ్లవ్ మార్కెట్లోకి వచ్చింది, 1922లో పేటెంట్ వచ్చింది. డోక్ ఆడటం 1929తో ఆగిపోయినా అతని పేరున్న గ్లవ్ 1953 దాకా అమ్ముడుపోతూనే ఉంది. అంటే 'బిల్ డోక్' అన్న ముద్ర కనబడిందని 1920ల నాటిదే అనుకోవడానికి లేదు. 1922 పేటెంట్ తేదీ ఉన్నా అంతే. ఆ ఏడాదికి ముందుది కాదని తప్ప ఇంకేమీ చెప్పదది. అమ్మేవాళ్ళలో సగం మంది పేటెంట్ తేదీని పుట్టినరోజులా చెప్తారు. నవ్వి ఊరుకో.

అందుకే గ్లవ్ చేతికి రాగానే వేళ్ళ మధ్య చూడు. మన క్రికెట్లో ఇప్పటికీ ఫీల్డింగ్ చేసేవాళ్ళలో వికెట్ కీపర్‌కి తప్ప ఎవరికీ గ్లవ్స్ ఉండవు కదా, బేస్‌బాల్ కూడా మొదట్లో అలాగే ఉండేది. 1870లలో ఒకరిద్దరు మొహమాటపడుతూ తొడుక్కున్నారు. 1877లో ఆల్బర్ట్ స్పాల్డింగ్ అందరికీ కనబడేలా నల్ల గ్లవ్ వేసుకున్నాడు. తన పేరుతోనే క్రీడాసామాను కంపెనీ నడిపినవాడు కాబట్టి అందులో ఎంత ఆట ఉందో, ఎంత వ్యాపారం ఉందో నువ్వే ఊహించుకో. వేళ్ళ చివర్లు కత్తిరించిన ఆ కాలం గ్లవ్‌లు నీకూ నాకూ దొరికేవి కావు. ఎవడైనా గరాజ్ సేల్‌లో చూపిస్తే, అలంకారం కోసం కొత్తగా కుట్టి రంగు పూసి పాతబరిచిన సరుకేమోనని ముందు అనుమానించు. నిజంగా వాడిన గ్లవ్ అంతటా ఒకేలా అరగదు. అరచెయ్యి నల్లబడుతుంది, పట్టీ దగ్గర మెరుగు వస్తుంది, వేళ్ళ వెనక భాగం మాత్రం లేత రంగులోనే ఉంటుంది. అన్నిచోట్లా సమానంగా గోధుమరంగు తిరిగిందంటే అది వయసు వల్ల వచ్చింది కాదు.

డోక్‌కి ముందువాటిలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంగుళం వెడల్పు తోలు పట్టీ కుట్టి ఉంటుంది. 1920లలో తాళ్ళ అల్లిక వచ్చింది. అప్పుడు కూడా మిగతా వేళ్ళు దేనికది విడిగానే ఉండేవి. వేళ్ళ చివర్లను లేసుతో ఒకదానికొకటి కట్టడం 1940లలో మొదలైంది. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. వేళ్ళు కట్టి ఉన్న గ్లవ్‌ని '1920ల నాటిది' అని ఎవడైనా అంటే బేరం కూడా ఆడకు. 1940ల చివర, 1950లలో మూడు వేళ్ళవి కూడా బాగా నడిచాయి. 1957లో విల్సన్ కంపెనీ ఏ2000 తెచ్చింది, బంతి కూర్చునే పాకెట్ పెద్దది, మధ్యకి మడిచినట్టు మూసుకునేది. ఇవాళ్టి గ్లవ్‌ల రూపం దాదాపు అక్కడి నుంచి వచ్చిందే. ఏ2000 పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు కాబట్టి అక్కడా పేరు చూసి ఏడాది చెప్పలేవు.

అంటే పేరుకి ఉపయోగమే లేదని కాదు. పెద్ద పేరు ఏళ్ళ తరబడి సాగుతుంది. నాలుగేళ్ళు ఆడి ఎవరికీ గుర్తులేకుండా పోయిన ఆటగాడి పేరు మాత్రం కాలాన్ని గట్టిగా పట్టిస్తుంది, అతను మానేశాక ఆ పేరుతో ఎవరూ కొనరు కదా. అలాంటి పేర్ల గ్లవ్‌లు చవగ్గా కూడా వస్తాయి. నా దగ్గరున్న వాటిలో నాకు ఇష్టమైనవి ఎక్కువగా అవే.

టెడ్ విలియమ్స్ పేరుంటే మాత్రం తొందరపడకు. గొప్ప బ్యాట్స్‌మన్, 1960లో రిటైరయ్యాడు. ఆ తర్వాత సియర్స్ దుకాణాలు అతని పేరుతో గ్లవ్‌లు, చేపలు పట్టే సామాను, ఇంకా ఏవేవో అమ్మాయి. 1960లలో పిల్లలు ఆడుకున్నవి అవి, పోయినవాళ్ళ ఇంటి సామాను అమ్మే ప్రతి ఎస్టేట్ సేల్‌లో ఇప్పటికీ ఒకటి దొరుకుతుంది. ఇరవై డాలర్లకి సరదాగా కొనుక్కో, రెండొందలు పెట్టకు.

కంపెనీ పేర్లు మారిన తీరు కూడా కొంత పనికొస్తుంది. సిన్సినాటిలో గోల్డ్‌స్మిత్ అని ఉండేది. తర్వాత కొన్నాళ్ళు మెక్‌గ్రెగర్, గోల్డ్‌స్మిత్ రెండు పేర్లూ కలిపి కొట్టారు, చివరికి మెక్‌గ్రెగర్ ఒక్కటే మిగిలింది. రెండు పేర్లూ కలిసి ఉంటే రెండో ప్రపంచ యుద్ధం చుట్టుపక్కల కాలం అనుకోవచ్చు. న్యూ హ్యాంప్‌షైర్‌లోని డ్రేపర్ అండ్ మేనార్డ్ వాళ్ళ లేబుల్ మీద వేటకుక్క బొమ్మ ఉంటుంది. ఆ గుడ్డ లేబుల్ చెక్కుచెదరకుండా దొరికితే తోలు కాస్త అరిగినా వదలకు. యుద్ధకాలంలో సైనికుల కోసం చేసిన వాటి మీద 'స్పెషల్ సర్వీసెస్, యు.ఎస్. ఆర్మీ' అన్న ముద్ర ఉంటుంది. కాలం గురించి వాదనే ఉండదు, ధరా మరీ ఎక్కువ కాదు. కొత్తవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇవే. అట్టపెట్టెతో సహా దొరికితే పెట్టె మీద అడ్రసు చదువు. జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) ఉందంటే 1963 కంటే ముందుది కాదు.

ముద్ర అరిగిపోయి చదవడానికి రాకపోతే గదిలో లైట్లు తీసేసి, ఫోన్ టార్చ్‌ని అరచేతి తోలుకి దాదాపు ఆనించి పక్క నుంచి వెయ్యి. పై నుంచి వేస్తే ఏమీ కనబడదు. పక్క వెలుతురు పడినప్పుడు పల్లంగా ఉన్న గీతల్లో నీడ నిలబడి అక్షరాలు ఒక్కొక్కటే బయటపడతాయి. ముందు మోడల్ నంబరు కోసం వెతుకు, సాధారణంగా మణికట్టు వైపు గానీ చిటికెన వేలు వైపు గానీ ఉంటుంది. రాలింగ్స్‌లో ఎక్స్‌పీజీతో మొదలయ్యే నంబర్లు పై తరగతివి. అదే ఆటగాడి పేరుతో పిల్లల సైజులో పల్చటి తోలుతో చేసినవీ ఉంటాయి. సంతకం ఒకటే, ధర మాత్రం పదో వంతు కూడా ఉండదు. నంబరు దొరికాక పాత కేటలాగులతో పోల్చు. స్పాల్డింగ్ వాళ్ళు ఏటా వేసిన బేస్‌బాల్ గైడ్లు చాలావరకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. వాటిలో గ్లవ్‌ల ప్రకటనలు బొమ్మలతో, అప్పటి ధరలతో ఉంటాయి. నాకు నిద్రపట్టని రాత్రుళ్ళు అవే చదువుతాను.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఏ చేతిదో తప్పకుండా అడుగు. కుడిచేత్తో విసిరేవాడు గ్లవ్‌ని ఎడమచేతికి తొడుక్కుంటాడు. అమ్మేవాళ్ళు దాన్నే చూసి 'లెఫ్ట్ హ్యాండ్ గ్లవ్' అని రాసేస్తారు. విసిరే చెయ్యి ఏదని అడిగితే గొడవ ఉండదు. లేసుల ఫోటో కూడా అడుగు. తోలు ముసలిదై లేసులు నవనవలాడుతుంటే ఎవరో మార్చారన్నమాట. వాడుకోవడానికి మంచిదే, దాచుకునేవాడికి విలువ తగ్గినట్టే.

ఇక అక్క ఫిర్యాదు గురించి. గరాజ్‌లోంచి అవన్నీ ఈ వారమే తీసెయ్. డాలస్ ఎండాకాలంలో ఆ వేడికి తోలు బిరుసెక్కి పగుళ్ళిస్తుంది. ఇంట్లో బట్టల అల్మారా పైఅర చాలు. ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది, పాత దిండుగలీబులో పెట్టు. వేళ్ళలో న్యూస్‌పేపర్ కుక్కకు, యాసిడ్ లేని టిష్యూ కాగితం దొరుకుతుంది. కొబ్బరినూనె సంగతి ముందే చెప్తున్నాను, మనవాళ్ళకి ఏది ఎండినట్టు కనబడినా అది రాయాలనిపిస్తుంది. వద్దు. ఏ నూనె అయినా ఎక్కువైతే తోలు నల్లబడి మెత్తబడిపోతుంది, మళ్ళీ వెనక్కి రాదు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, పొడిగుడ్డతో తుడువు. మరీ ఎండిపోయి ఉంటే లానొలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) ఉన్న తోలు కండిషనర్ ఒక్క చుక్క, ముందు ఎవరికీ కనబడని మూల పరీక్షించి, ఆ తర్వాతే మిగతా చోట. చేతికి ఎర్రటి పొడి అంటుకుంటోందా, అది తోలు లోపలే శిథిలమైపోవడం, దానికి మందు లేదు. అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా కొనకు.

నీకు దగ్గర్లోనే కాంటన్ ఉంది, డాలస్ నుంచి గంట డ్రైవ్. నెలకోసారి, మొదటి సోమవారానికి ముందు వచ్చే వారాంతంలో పెద్ద సంత జరుగుతుంది. తెల్లారేసరికి అక్కడుండు, ఎండెక్కాక మంచివేవీ మిగలవు. కుదిరితే నొకోనా ఊరు కూడా వెళ్ళిరా. 1934 నుంచి అక్కడ గ్లవ్‌లు కుడుతున్నారు, ఫ్యాక్టరీ చూపిస్తారు. ఒక గ్లవ్‌ని తిరగేసి కుట్టి, మళ్ళీ తిప్పి, వేడి ఇనుప చేతికి తొడిగి సాగదీయడం చూశావంటే, పాత గ్లవ్‌లో అతుకు ఎక్కడుందో, ఎక్కడ ఉండకూడదో నీ కళ్ళకే తెలుస్తుంది. అమ్మాయినీ తీసుకెళ్ళు, సంతకి మాత్రం వద్దు, బేరం నీరుగారిపోతుంది.

ఇప్పుడు నీ మాంటిల్. మాంటిల్ 1951లో న్యూయార్క్ యాంకీస్ టీమ్‌కి వచ్చాడు కాబట్టి అంతకంటే ముందుది అయ్యుండదు. నువ్వు పంపిన ఫోటోలో వేళ్ళు కట్టి ఉన్నాయి, హీల్ మీద, అంటే మణికట్టు వైపు అడుగు భాగం మీద, 'ఎడ్జ్-యు-కేటెడ్' అని లీలగా కనిపిస్తోంది. రాలింగ్స్ ఆ హీల్ తెచ్చింది 1950ల చివర్లో. అందుకని అమ్మేవాడు '1952 నాటిది, రూకీ దశది' (కొత్తగా ఆడటం మొదలుపెట్టినప్పటిది) అన్నది కుదరని మాట. మోడల్ నంబరు, మణికట్టు పట్టీ లేబుల్, లోపలి అస్తరు, ఈ మూడింటికీ దగ్గర్నుంచి తీసిన ఫోటోలు అడుగు. ఎక్స్‌పీజీ అయితే మూడొందలకి నువ్వు ఆలోచించే లోపే నేను కొనేస్తాను. పిల్లల మోడల్ అయితే యాభైకి మించి ఒక్క డాలరు ఎక్కువివ్వకు. వాడు ఫోటోలు పంపనంటే, డబ్బు జేబులోనే పెట్టుకుని కాంటన్ వెళ్ళు.

ఉంటాను,
మామయ్య