బస్సు కమ్మీ మీద ఎండిన రక్తం చేతికి అంటితే హెచ్‌ఐవీ వస్తుందా?

సిటీ బస్సులో కమ్మీ పట్టుకుంటే ఎండిన రక్తం చేతికి అంటిందని, వేలికి మానిపోయిన గీత ఒకటి ఉందని, హెచ్‌ఐవీ వస్తుందేమోనని నిద్ర పట్టడం లేదని రాశారు. రాదండీ. రక్తం బయటపడి ఎండిపోయాక ఆ వైరస్‌కి అంటుకునే శక్తి ఉండదు. తెగని చర్మంలోంచి అది లోపలికి పోనూ పోదు. చెయ్యి సబ్బుతో కడుక్కున్నారు కదా, అక్కడితో అయిపోయింది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా చేతికి అంటింది ఎండిన మరక కాదు, పచ్చి రక్తం. అదీ హెచ్‌ఐవీ ఉన్న మనిషిది. ఫిషింగ్ హార్బర్ వైపు మేం ఎప్పుడూ చేపలు కొనే ఆవిడ ఉంది. అప్పా అని పిలుస్తాను. భర్త ఆ జబ్బుతోనే పోయాడు, ఈవిడ మందులు వాడుతోంది. ఆ సంగతి బజారులో అందరికీ తెలుసు. ఒక ఆదివారం నాకోసం కత్తిపీట మీద పండుగప్ప తల కోస్తుంటే చేప జారి, బొటనవేలి కింద కండ లోతుగా తెగింది. పీట మీదా, చేప మీదా, కింద ఐసు నీళ్లలోనూ రక్తమే. పక్కవాళ్లు గబగబా తమ బుట్టలు వెనక్కి లాక్కున్నారు. ఒకాయన ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. సాయానికి రాని చెయ్యి వీడియోకి మాత్రం వెంటనే లేస్తుంది, ఈ రోగానికి మందు ఎవరు కనిపెడతారో!

"నువ్వు ముట్టకమ్మా, నీకెందుకు" అంటోంది ఆవిడ, పళ్లతో కొంగు చింపుకోబోతూ. నా చున్నీ మడతపెట్టి గాయం మీద అదిమి పట్టుకున్నాను. కాసేపటికే అది తడిసి, నా అరచేతికి వెచ్చగా తగిలింది. ఆటోలో దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాను. కుట్లు వేసేవాళ్లకి తెలియాలని ఆవిడే తన జబ్బు సంగతి ముందుగా చెప్పింది. అంతే, ఇక్కడ కాదు, ఇంకెక్కడికైనా తీసుకెళ్లమన్నారు. జబ్బు ఉందని అలా వైద్యం చేయకుండా పంపేయడానికి 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకోదు. ఆ మాట అంటే వినేవాళ్లేరీ? చివరికి విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో కుట్లు వేశారు.

అక్కడి డాక్టరమ్మ నా చేతులు కూడా వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. పచ్చి గాయం ఎక్కడా లేదు, కంట్లో నోట్లో చిందలేదు, మందులేమీ అక్కర్లేదన్నారు. సూది గుచ్చుకున్నా, పచ్చి గాయంలో రక్తం పడినా, కంట్లో చిందినా మాత్రం ఆలస్యం చేయకుండా వెళ్లాలట. 72 గంటల్లోపు, వీలైతే మొదటి గంటల్లోనే మాత్రలు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి వాడిన సూది గుచ్చుకున్నా కూడా అంటుకునేది వెయ్యిలో మూడుసార్లే. ఇక ఎండిపోయిన మరక ఏపాటిది?

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు నన్ను గుమ్మంలోనే ఆపి, తలస్నానం చేసి లోపలికి రమ్మన్నారు. ఆవిడ భయం ఆవిడది, నేనేమీ అనలేదు. కానీ బజారులో అప్ప బేరం పడిపోవడం చూస్తే మాత్రం కడుపు రగిలిపోతుంది. ఆవిడ కోసిన చేపని కడిగి, ఉడికించి తింటే జబ్బు ఎక్కడినుంచి వస్తుంది? మందులు సరిగ్గా వాడి, వైరస్ పరీక్షలో కనిపించనంతగా తగ్గితే భర్తకో భార్యకో కూడా అంటదని డాక్టర్లే చెబుతున్నారు కదా!

రక్తం అంటే అంత భయం ఉన్నవాళ్లు ముందు హెపటైటిస్ బి టీకా వేయించుకోవాలి. ఆ వైరస్ ఎండిన రక్తంలో కూడా వారం రోజులు బతుకుతుంది. దానికి టీకా ఉంది, అయినా పెద్దవాళ్లలో వేయించుకున్నవాళ్లు ఎంతమంది? జ్వరం వస్తే మాత్రం సూది వెయ్యమని డాక్టరు మీద పడిపోతాం. కొత్త సిరంజి ప్యాకెట్ మన ఎదురుగానే విప్పారా అని చూసుకోం.

ఇంకొక్క మాట, ఏమీ అనుకోకండి. చాలామంది అసలు భయం పైకి చెప్పుకోలేక, కమ్మీనో మంగలి కత్తినో ముందు పెడతారు. మీ టెన్షన్ వెనక అలాంటిదేమైనా ఉంటే కేజీహెచ్‌లో ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రానికి వెళ్లి టెస్ట్ చేయించుకోండి. డబ్బు తీసుకోరు, బయటికి చెప్పరు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, అదీ ఉచితమే. కమ్మీ కోసమే అయితే టెస్ట్ కూడా అవసరం లేదు.