సైజుకొక పనిముట్టా, అన్ని సైజులకూ ఒకటేనా?

ఐటీఐ అయిపోయి ఇళ్ళ వైరింగ్ పనుల్లోకి దిగుతున్నానన్నావు. వైరు తొక్క తీసే స్ట్రిప్పర్, స్క్రూడ్రైవర్, వైరు చివర లగ్గు అనే లోహపు ముక్కను నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ (క్రింపర్) సైజుకొకటి కొనాలా, అన్ని సైజులూ ఒకదాంట్లోనే వచ్చేవి చాలా అని నీ ప్రశ్న. తమ్ముడూ అని పిలుస్తున్నా, ఏమీ అనుకోకు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళదీ నీ వయసే. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని నాకు. స్ట్రిప్పర్ అన్ని సైజులదే తీసుకో. స్క్రూడ్రైవర్ మాత్రం అలాంటిది వద్దు. క్రింపర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

ముందు స్ట్రిప్పర్. పనిలో చేరిన కొత్తలో కటింగ్ ప్లయర్‌తోనో, మేస్త్రి చూడనప్పుడు పళ్ళతోనో వైరు తొక్క తీసేవాళ్ళం. తర్వాత ఆన్‌లైన్‌లో వరసగా కంతలున్న స్ట్రిప్పర్ ఒకటి కొన్నాను. కంతల పక్కన 10, 12, 14, 16, 18 అని అంకెలు. ఒక ఇంట్లో గీజర్ సాకెట్‌కి రెండున్నర వైరు (2.5 చదరపు మిల్లీమీటర్లది) లాగి, 14 కంతలో పెట్టి తొక్క తీశాను. సులువుగానే వచ్చింది. నాలుగు నెలల తర్వాత ఆ ఇంటావిడ ఫోన్ చేసి, ప్లగ్గు దగ్గర కాలిన వాసన వస్తోందన్నారు. విప్పి చూస్తే టెర్మినల్ దగ్గర, అంటే వైరు బిగించే చోట, ఇన్సులేషన్ నల్లగా మాడిపోయింది. ఆ వైరులో 36 సన్నటి పోగులు ఉంటాయి, ఒక్కోటి 0.3 మిల్లీమీటర్లు. వాటిలో పదిదాకా మొదట్లోనే తెగి ఉన్నాయి. మిగిలినవాటి మీదే కరెంటంతా పోయింది, పట్టు కూడా వదులైంది. సాకెట్ నా డబ్బుతోనే మార్చి ఇచ్చాను.

తప్పు ఎక్కడుందో ఆ రాత్రి కూర్చుని చూస్తే అర్థమైంది. ఆ అంకెలు అమెరికా వాళ్ళ ఏడబ్ల్యూజీ గేజ్‌వి. అందులో అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. 14 అంటే సుమారు 2.08 చదరపు మిల్లీమీటర్లు, 12 అంటే 3.31. మన రెండున్నర వైరు ఈ రెండింటి మధ్యలో పడుతుంది. ఒకటిన్నర వైరుదీ అదే కథ, 16కీ 14కీ మధ్య. పైగా ఆ కంతలు ఒంటి తీగకు చేసినవైతే, మనం వాడే మెత్తటి పోగుల వైరు అదే సైజుదైనా లావుగా ఉంటుంది. పాత మేస్త్రీలు త్రీ ట్వంటీ, సెవెన్ ట్వంటీ అంటుంటారు చూడు, ఆ ట్వంటీ బ్రిటిష్ వాళ్ళ గేజ్. దానికీ దీనికీ పొత్తు లేదు.

అందుకే కంతల మీద 1, 1.5, 2.5, 4, 6 అని స్క్వేర్ ఎంఎంలో రాసి ఉన్నది చూసి కొను. లేదా దవడలతో పట్టి తనే లాగేసే ఆటోమేటిక్ రకం. నాకిప్పుడు అదే అలవాటు. పాత ఇళ్ళలో ఇన్సులేషన్ గట్టిపడిపోయిన వైర్ల మీద మాత్రం జారుతుంది, అక్కడ కంతల రకమే నయం.

స్క్రూడ్రైవర్ దగ్గర బిట్లు మార్చుకునే సెట్ ఎందుకు వద్దన్నానంటే, ఒకసారి డీబీలో, అంటే ఇంటి స్విచ్‌లన్నిటికీ కరెంటు పంచే పెట్టెలో, స్క్రూ బిగించి చెయ్యి వెనక్కి తీస్తే బిట్ అక్కడే ఉండిపోయింది. పక్కనే కరెంటు పారే రాగి పట్టీ, బస్‌బార్. అదృష్టం, మెయిన్ ఆఫ్‌లో ఉంది. ఆ రకంలో కడ్డీ మీద తొడుగు కూడా ఉండదు. రంగు పిడి చూసి ఇన్సులేషన్ అనుకోకు. రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టులు (1000 V) అని, ఐఈసీ 60900 అనే ప్రమాణం పేరు ఉంటేనే నమ్ము. ఇంకో సంగతి, చాలా ఎంసీబీల (డీబీలో కరెంటు ఎక్కువైతే తనే ఆగిపోయే స్విచ్‌ల) స్క్రూలు మామూలు స్టార్ కావు, పోజిడ్రైవ్ అనే పీజెడ్2 రకం. మామూలు స్టార్ అయిన పీహెచ్2 పెడితే జారి తల అరిగిపోతుంది, టెర్మినల్ వదులుగా మిగులుతుంది. కాబట్టి పీజెడ్2 ఒకటి, మైనస్ ఒకటి విడిగా కొనుక్కో. నియాన్ టెస్టర్‌తో స్క్రూలు తిప్పొద్దని ఐటీఐలో చెప్పే ఉంటారు. అయినా అందరం తిప్పుతాం.

క్రింపర్‌లో ఎరుపు, నీలం, పసుపు చుక్కలుండేది ఇన్సులేషన్ ఉన్న లగ్గులకు. ఎరుపు ఒకటిన్నర వరకు, నీలం రెండున్నర వరకు, పసుపు నాలుగు నుంచి ఆరు. పూర్తిగా నొక్కితే గానీ తెరుచుకోని ర్యాచెట్ రకమే తీసుకో. నాలుగు వైపుల నుంచి నొక్కి, సైజు తనే సర్దుకునేది ఇంకోటుంది. అది వైరు చివర తొడిగే గొట్టం లాంటి స్లీవులకే. దాంతో రింగ్ లగ్ నొక్కితే ఒక్క గుంజుకి ఊడి వస్తుంది. ఇళ్ళ పనే కాబట్టి క్రింపర్లు ఆరు నెలలాగి కొన్నా నష్టం లేదు.

హైదరాబాద్‌లో కోఠి ట్రూప్ బజార్‌కో, రాణిగంజ్‌కో కొనడానికి వెళ్ళేటప్పుడు జేబులో ఒకటిన్నర, రెండున్నర, నాలుగు వైరు ముక్కలు వేసుకెళ్ళు. కౌంటర్ దగ్గరే తొక్క తీసి, పోగులు విప్పి లెక్కపెట్టు. ఒక్కటి తెగినా ఆ స్ట్రిప్పర్ వద్దు. ప్యాకెట్ విప్పనివ్వకపోతే పక్క షాపుకి వెళ్ళు.