ఆర్డర్లు తగ్గినప్పుడు మేనేజర్లకు ట్రైనింగా?

చి. శ్రీనుకి,

మామయ్య ఆశీస్సులు. "ఆర్డర్లు సగానికి పడిపోయాయి, ఈ టైమ్‌లో మేనేజర్లకు ట్రైనింగేంటి మామయ్యా" అని నిన్న ఫోన్‌లో అన్నావు. 2009 మొదట్లో నేనూ అదే అన్నాను. ఆటో విడిభాగాల ఆర్డర్లు ఆగిపోయాయి. ఖర్చుల కాగితంలో ముందు కొట్టేసింది ట్రైనింగే. కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకుతారు, ట్రైనింగ్ ఆపితే అడిగేవాడుండడు.

ఏడాది తిరక్కుండానే ఆర్డర్లు మళ్లీ వచ్చిపడ్డాయి. అప్పటికి మంచి ప్రొడక్షన్ మేనేజర్ వెళ్లిపోయాడు. రిజెక్షన్ డబ్బా సాయంత్రానికల్లా నిండేది. ఒకరోజు నేనే కూర్చుని ఫ్లాంజ్‌లనే ఆ విడిభాగాలు కొలిచాను. అన్నిటికీ ఒకటే తప్పు, బోర్, అంటే మధ్య రంధ్రం, సైజు పెద్దదైంది. షిఫ్ట్ మొదట్లో మొదటి పీసు ఎవరూ కొలవలేదు. కొలిపించాలని ఇన్‌చార్జికి ఎవరూ నేర్పలేదు.

ముందే ఒక మాట. జీతాలకు, పీఎఫ్‌కు, మూడు నెలల బ్యాంకు కిస్తీలకు డబ్బు పక్కన లేకపోతే ఈ ఉత్తరం మడిచి పెట్టెయ్. అప్పు చేసి ఎవర్నీ క్లాసులకు పంపొద్దు.

ఉంటే మాత్రం ఇదే టైమ్. ట్రైనింగ్‌లో అసలు ఖర్చు ఫీజు కాదు, ఆ మనిషి లేక ఆగిపోయే పని. పని జోరుగా ఉన్నప్పుడు నీ ప్లాంట్ మేనేజర్‌ని వారం రోజులు వదలగలవా? 2008లో టయోటా అమెరికాలోని టెక్సాస్, ఇండియానా ప్లాంట్లలో ట్రక్కుల తయారీని మూడు నెలలు ఆపింది. పర్మినెంట్ వర్కర్లను ఇంటికి పంపలేదు, ట్రైనింగ్‌లో, లైను బాగుచేసే పనుల్లో పెట్టింది. వాళ్ల డబ్బు మన దగ్గర లేదు, నిజమే. ఖాళీ టైమ్ మాత్రం మనకూ ఉంది.

ఖాళీగా ఉన్నాడు కదా అని ఎవర్నో పంపకు. స్టోర్స్‌లో గోళ్లు గిల్లుకునే ఒకాయన్ని నేనలాగే పంపాను, సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించుకున్నాడు, అంతే. ఎవరు రెండ్రోజులు రాకపోతే నీకు టెన్షనో, వాళ్లను పంపు. రిసార్టులో ఆటలాడించే రకం ట్రైనింగ్ వద్దు. నువ్వుండేది జీడిమెట్లలో, దగ్గర్లోనే బాలానగర్‌లో సీఐటీడీ ఉంది, టూల్ డిజైన్, మిషన్ పనులు నేర్పే ప్రభుత్వ సంస్థ. ఖర్చు లెక్కలు, మార్కెటింగ్ లాంటివాటికి యూసుఫ్‌గూడలో ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ ఉంది, చిన్న పరిశ్రమల వాళ్లకు ట్రైనింగ్ ఇచ్చే సంస్థ. అప్పట్లో దాన్ని సియెట్ అనేవారు. 1964లో హార్వర్డ్ ప్రొఫెసర్ మెక్‌లెల్లాండ్ మన కాకినాడ వ్యాపారులకు శిక్షణ ఇచ్చింది దానితో కలిసే. పెద్ద అధికారులకు, మేనేజర్లకు ట్రైనింగ్ ఇచ్చే ఆస్కీకి పేరు పెద్దది, ఫీజూ పెద్దదే, నీ సైజుకి ఇప్పుడు వద్దు.

పంపేముందు చేతిలో ఒక సమస్య పెట్టు. "మన రెండో సీఎన్‌సీ మిషన్ మీద ఒక పని నుంచి ఇంకో పనికి మార్చే సెట్టింగ్‌కి గంటన్నర పడుతోంది, సగం చెయ్యాలంటే ఏం కావాలో కనుక్కుని రా" అను. తిరిగొచ్చిన సోమవారం అతను అడిగితే మిషన్ ఆపి చూపించమను. "తర్వాత చూద్దాంలే" అన్నావో, ఫీజు మూసీలో పోసినట్టే.

నేర్చుకుని మానేస్తాడేమోనని బాండ్ రాయించుకోకు. మా ప్రొడక్షన్ మేనేజర్ రెండేళ్ల తర్వాత ఒక పెళ్లిలో భోజనాల దగ్గర కలిశాడు. జీతం కోసం వెళ్లావా అన్నాను. "కాదు సార్, నన్ను ఏ క్లాసుకూ పంపలేదు, ఇక్కడే ఆగిపోతాననిపించింది" అన్నాడు. నాకు ముద్ద దిగలేదు.

ఆదివారం ఖర్చుల కాగితం పట్టుకుని రా. భోజనం ఇక్కడే, అత్తయ్య చెప్పమంది.

మీ మామయ్య