ఉచిత ప్రెస్ రిలీజ్ సైట్లా, డబ్బు కట్టే సర్వీసా? రెండూ చేసి చూసినవాడిగా చెబుతున్నా

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: విజయవాడలో కిరాణా కొట్ల కోసం బిల్లింగ్ యాప్ తయారు చేశారు, వచ్చే నెల విడుదల. ప్రెస్ రిలీజ్‌ని, అంటే పత్రికల కోసం రాసే ప్రకటనని, ఉచితంగా వేసుకునే సైట్లలో పెడితే చాలా, లేక ఏజెన్సీవాళ్లు చెబుతున్న పాతిక వేల ప్యాకేజీ తీసుకోవాలా అని. నేను రెండూ చేశాను. రెండిట్లోనూ చేతులు కాల్చుకున్నాను, కాకపోతే ఒకదాంట్లో కాస్త తక్కువ.

మాది గుంటూరు జిల్లా, ప్రత్తిపాడు వైపు. నేనూ మా తమ్ముడూ కలిసి మిర్చి ఆరబెట్టే సోలార్ డ్రయర్లు చేస్తాం. ఇనుప చట్రం, పైన పాలీ షీటు, లోపల ట్రేలు, తేమ బయటికి లాగే ఫ్యాన్లు. అంతకుమించి పెద్ద సైన్సేమీ లేదు. కల్లంలో నేలమీద పోసిన కాయ రోజుల తరబడి ఎండాలి, మధ్యలో ఒక్క వాన పడిందంటే రంగు పోయి తాలు కింద జమ అవుతుంది. ఆ బాధ తప్పించే సామాను మాది. మొదటి డ్రయర్లు నాలుగు అమ్మాక, ఇక పేపర్లో పడాలి అనుకున్నాం. అది అక్టోబరు. మిర్చి తోటలు ఇంకా కోతకి రాని రోజులు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత అర్థమవుతుంది.

ముందు ఉచితం. మా తమ్ముడు ఒక రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఆరు సైట్లలో అకౌంట్లు తెరిచి, ఒకే ఇంగ్లిష్ నోట్‌ని, అదే మా ప్రెస్ రిలీజ్‌ని, ఆరింట్లోనూ పెట్టేశాడు. తెల్లారేసరికి నాలుగింట్లో కనిపించింది. మహా సంబరపడ్డాం. లింకులు బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాం. మా బావమరిది ఒకటి తెరిచి చూసి, ‘బావా, మీ వార్త పక్కన ఎవరిదో డ్రయర్ యాడ్ వస్తోంది, రేటు మీకంటే తక్కువుంది’ అన్నాడు. నిజమే. ఆ సైట్లు బతికేదే యాడ్ల మీద. మన నోట్‌లో ‘డ్రయర్’ అనే మాట ఉంటే, అదే సరుకు అమ్మే ఇంకొకడి యాడ్ పక్కనే వచ్చి కూర్చుంటుంది. మన కొట్టు ముందు పక్కవాడి బోర్డు మనమే కట్టినట్టయింది.

రెండోది, నోట్‌లో తప్పు పడింది. రెండు క్వింటాళ్ల కెపాసిటీ అనాల్సింది ఇరవై అని టైపు చేశాడు మావాడు. దిద్దుదామంటే ఒక సైటు ‘ఎడిట్ కావాలంటే డబ్బు కట్టండి’ అంది. ఉచితం అక్కడితో సరి. ఇరవై క్వింటాళ్ల డ్రయర్ చూద్దామని ఒకాయన ఒంగోలు నుంచి ఫోన్ చేశాడు కూడా. ఆరు సైట్లకీ కలిపి వచ్చిన ఒకే ఒక్క అసలు కాల్ అది.

మిగతా కాల్సన్నీ మనకు అమ్మడానికి వచ్చినవే. నోట్ కింద మా ఆవిడ నంబర్ ఇచ్చాం, ఆఫీసు ఫోన్ అంటూ ఏదీ లేదు కాబట్టి. ‘మీ సైటుని గూగుల్లో మొదటి పేజీకి తెస్తాం’, ‘బిజినెస్ లోన్ కావాలా మేడమ్’. పగలంతా ఇవే.

గూగుల్ కోసమైనా పనికొస్తాయి కదా అంటారేమో. ఒకప్పుడు పనికొచ్చాయి. ప్రెస్ రిలీజ్‌లో ‘బెస్ట్ చిల్లీ డ్రయర్’ లాంటి మాటకి లింకు తగిలించి వంద చోట్ల పడేస్తే ర్యాంకు పెరిగేది. 2013లోనే గూగుల్ తన నిబంధనల్లో ఇలాంటి లింకుల్ని పేరుపెట్టి చెప్పి, అవి కృత్రిమం అని తేల్చేసింది. ఆ మరుసటి ఏడాది గూగుల్ తన సెర్చ్ లెక్కలు మార్చిన పాండా అప్‌డేట్‌తో పేరున్న ప్రెస్ రిలీజ్ సైట్లే సెర్చ్‌లో బాగా కిందికి జారాయి. ఇప్పుడు చాలా సైట్లు లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దన్న ట్యాగ్‌తోనే ఇస్తాయి. కాబట్టి లింకుల ఆశ చూపించి ప్యాకేజీ అమ్మేవాడు పదేళ్ల కిందటి సరుకు అమ్ముతున్నాడన్నమాట.

ఇక డబ్బు కట్టింది. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీ, పేరు వద్దులెండి. 22 వేలు, పైన 18 శాతం జీఎస్టీ. జీఎస్టీ సంగతి ఫోన్‌లో చెప్పలేదు, బిల్లులో కనిపించింది. ‘300కి పైగా మీడియా సైట్లు, గ్యారంటీ’ అన్నారు. ఈ ‘గ్యారంటీ’ అన్న మాట దగ్గరే నేను ఆగి ఆలోచించాల్సింది. విలేకరి రాసే వార్తకి ఎవడూ గ్యారంటీ ఇవ్వలేడు. గ్యారంటీ ఉందంటే అది అద్దెకు తీసుకున్న జాగానే.

నాలుగో రోజు ఎక్సెల్ షీటు పంపారు. 300 దాటి లింకులు. నేనూ తమ్ముడూ ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టాం. మొదటిది అమెరికాలో ఏదో ఊరి టీవీ స్టేషన్ సైటు. రెండోదీ అలాంటిదే. మూడోది షేర్ల ధరలు చూపించే పేజీ, దాని అడుగున మా మిర్చి. ఇరవయ్యోది వచ్చేసరికి తెలిసిపోయింది, పేజీ ఒకటే, పైన బోర్డులే వేరు. ఆ టీవీ స్టేషన్ హోమ్ పేజీకి వెళ్లి వెతికితే మా వార్త ఎక్కడా లేదు. నేరుగా ఆ లింకు తెలిస్తేనే తెరుచుకుంటుంది. రెండు నెలల తర్వాత మళ్లీ చూస్తే అందులో చాలావరకు తెరుచుకోవడమే మానేశాయి.

షీటు చివర ‘చేరగల పాఠకులు: 11 కోట్లు’ అని ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం కలిపితే 8.46 కోట్లు. అంటే చంటిపిల్లలతో సహా అందరూ మా డ్రయర్ గురించి చదివి, ఇంకా మిగిలారన్నమాట. ఆ లెక్క ఎలా కడతారంటే, ప్రతి సైటుకీ నెలకి ఎంతమంది వస్తారో ఆ అంకెలన్నీ కూడేస్తారు. మన పేజీ ఎంతమంది చూశారన్నది కాదు.

మా సైటుకి ఎంతమంది, ఎక్కడి నుంచి వచ్చారో చూపే అనలిటిక్స్ చూస్తే ఆ వారం జనం పెరిగిన మాట నిజమే. ఎక్కడి నుంచా అని చూస్తే ఎక్కువభాగం వర్జీనియాలోని యాష్‌బర్న్. మా తమ్ముడు, ‘అక్కడ మనవాళ్లు బోలెడుమంది ఉన్నారన్నా, మా క్లాస్‌మేట్ కూడా అక్కడే’ అన్నాడు. నేనూ నమ్మాను! తర్వాత కంప్యూటర్లు తెలిసిన మా మేనల్లుడు నవ్వి చెప్పాడు, యాష్‌బర్న్ అంటే డేటా సెంటర్ల అడ్డా అని, అక్కడి నుంచి వచ్చిన ‘జనం’లో ఎక్కువభాగం మనుషులు కాదు, వాటంతటవే పేజీలు తిరిగే ప్రోగ్రాములని, వాటినే బాట్లంటారని. ఒక్కొక్కరూ మా సైటులో ఉన్నది ఒకటి రెండు సెకన్లే. మనవాళ్లయితే కనీసం రేటు చూసేవాళ్లు.

ఇది ఆ ఒక్క ఏజెన్సీ మోసం అని నేననను. వాళ్లు చెప్పినట్టే 300 చోట్ల వేశారు. మేం అడగాల్సింది అడగలేదు. ప్రెస్ రిలీజ్ అనేది అసలు జనం కోసం పుట్టింది కాదు, విలేకరుల కోసం పుట్టింది. 1906లో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు ప్రమాదం జరిగితే, రైల్వే కంపెనీ తరఫున ఐవీ లీ అనే ఆయన వివరాలన్నీ రాసి పత్రికలకు ఇచ్చాడు, న్యూయార్క్ టైమ్స్ దాన్ని ఉన్నదున్నట్టు వేసింది. ప్రెస్ రిలీజ్ చరిత్ర చెప్పేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు. 1954లో పీఆర్ న్యూస్‌వైర్, 1961లో బిజినెస్ వైర్ వచ్చి, ఆ కాగితాన్నే తీగ మీద నేరుగా న్యూస్‌రూముల్లోకి పంపడం మొదలుపెట్టాయి. అంటే డబ్బు తీసుకున్నది విలేకరి బల్ల దాకా చేర్చడానికి. మనం కొంటున్న చవక ప్యాకేజీలో ఆ బల్ల లేదు, దాని వెనక మనిషీ లేడు.

మాకు నిజంగా పని జరిగింది వేరే దారిలో. మరుసటి మార్చిలో అకాల వానలు పడ్డాయి. కల్లాల మీద పట్టాలు కప్పుకుని రైతులు కూర్చున్న రోజులు. మా డ్రయర్ కొన్న రైతొకాయన, ‘ఊరంతా తడిసింది, నా కాయ తడవలేదు’ అన్నాడు. ఆ మాట పట్టుకుని తెలుగులో ఒక పేజీ నోట్ రాసి మూడు దినపత్రికల్లో జిల్లా పేజీలు తయారుచేసే డెస్కులకి పంపాను. ఎవరూ పలకలేదు. ఒక డెస్కుకి ఫోన్ చేస్తే సబ్ ఎడిటర్ గారు విసుక్కుంటూనే, నాకు 22 వేలు కట్టినా దొరకని సలహా రెండు నిమిషాల్లో ఇచ్చారు.

‘పీడీఎఫ్ ఎందుకు పంపారండీ? అదంతా మళ్లీ మేం టైపు చేసుకోవాలి. మెయిల్లోనే యూనికోడ్‌లో పేస్ట్ చేయండి, మా ఫాంటులోకి మార్చుకుంటాం. హెడ్డింగ్‌లో మీ కంపెనీ పేరుంది, తీసేయండి, మేం ఎలాగూ తీసేస్తాం. రైతు మాట ఆఖర్న రాశారు, దాన్ని మొదటికి తెండి. ఫొటోలో మిషనే ఉంది, మనిషి ఏడీ? ఇంకోటి, సాయంత్రం ఆరింటికి పంపితే ఎలా? జిల్లా పేజీలు మెయిన్ ఎడిషన్ కంటే ముందే అయిపోతాయి. మధ్యాహ్నం లోపు పంపండి.’

అన్నీ మార్చి మర్నాడు పదకొండింటికి పంపాను. రైతు ఫోన్ నంబర్ కూడా ఇచ్చాను, ఆయన్ని ముందే అడిగి. స్థానిక విలేకరి కల్లం దగ్గరికి వచ్చి ఆయనతో మాట్లాడి వెళ్లాడు. రెండు రోజులకి జిల్లా పేజీలో మూడు కాలమ్‌ల వార్త. మా కంపెనీ పేరు ఒకే ఒక్కసారి, అదీ చివరి పేరాలో. ఆ వారం 60కి పైగా ఫోన్లు వచ్చాయి, ఏడు డ్రయర్లు బుక్కయ్యాయి. అక్టోబరులో వార్త కానిది మార్చిలో వార్తయింది. డ్రయర్ మారలేదు, వాన పడింది అంతే.

అన్నిచోట్లా ఇంత సాఫీగా జరగదు, అదీ చెప్పాలి. ఇంకో పత్రికకి మా వైపు వార్తలు పంపే కంట్రిబ్యూటర్ ఒకరు ‘ఉగాది స్పెషల్‌కి ఒక యాడ్ ఇవ్వండి, వార్త సంగతి నేను చూసుకుంటా’ అన్నారు. ఆలోచిస్తానన్నాను. వార్త రాలేదు. నాకు బాధేమీ లేదు. యాడ్ ఇవ్వాలనుకుంటే యాడ్‌గానే ఇస్తాను, జాగా ఎంతో, రేటు ఎంతో తెలుస్తుంది.

మరి డబ్బు కట్టే సర్వీసు పూర్తిగా దండగా? కాదు. ఆ 22 వేల ప్యాకేజీలోనే ఒక జాతీయ వార్తాసంస్థ సైటులో కూడా మా నోట్ పడింది, అడుగున ‘ఈ సమాచారానికి మా సంపాదక వర్గం బాధ్యత వహించదు’ అన్న ముక్కతో. ఏడాది తర్వాత కర్ణాటక నుంచి బ్యాడగి మార్కెట్ దగ్గరి డీలర్ ఒకాయన ఫోన్ చేశాడు. ఎవరో చెబితే మా పేరు గూగుల్లో కొట్టాడట, ఆ పేజీ కనిపించిందట, ‘కంపెనీ ఉన్నదేలే’ అనుకుని చేశాడట. అంటే అది వార్తగా పనిచేయలేదు, విజిటింగ్ కార్డుగా పనిచేసింది. మీ పేరు వెతికేవాళ్లు, అంటే డీలర్లు, బ్యాంకువాళ్లు, పెట్టుబడి పెట్టేవాళ్లు ఉంటే, అలాంటి ఒక్క మంచి పేజీకి విలువుంది. దానికి 300 సైట్లు అక్కర్లేదు. ఏ ఒక్కటి కావాలో చెప్పి దానికే రేటు అడగండి. పేజీ ఎన్నాళ్లు ఉంటుంది, గూగుల్లో వెతికితే వస్తుందా, ‘స్పాన్సర్డ్’ అని పైన రాస్తారా, తెలుగులో వేస్తారా, జీఎస్టీతో కలిపి ఎంత? ఇవి మెయిల్లో రాయించుకోండి. పోయిన నెల వేరే క్లయింటుకి పంపిన షీటు ఒకటి చూపించమని అడిగి, అందులో ఆరు నెలల కిందటి లింకులు కూడా తెరిచి చూడండి. చూపించం అంటే మీకు జవాబు దొరికినట్టే.

బయటి దేశాల్లో అమ్మేవాళ్లకి, స్టాక్ ఎక్స్చేంజీలో ఉన్న కంపెనీలకి పెద్ద సర్వీసులు అవసరమే. అందరికీ ఒకే క్షణంలో చేరాలి కాబట్టి. అక్కడ ఒక్క నోట్‌కే వందల డాలర్లు. మీకూ నాకూ ఆ అవసరం లేదు. వికీపీడియా పేజీ కోసమని ప్రెస్ రిలీజులు కొంటున్నారు కొందరు. అదీ వృథానే, మన గురించి మనం రాసుకున్నదాన్ని పేజీ పెట్టడానికి తగిన ఆధారంగా వాళ్లు ఒప్పుకోరు.

మీ యాప్ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. వన్‌టౌన్‌లోనో, పటమటలోనో యాప్‌ని ట్రయల్‌గా రెండు నెలలు వాడిన కొట్టాయన్ని ఒకర్ని పట్టుకుంటాను. ఉద్దెర ఖాతా పుస్తకం నుంచి ఫోన్‌లోకి మారాక ఆయనకి ఏం తేడా వచ్చిందో, ఎంత బాకీ వసూలైందో, ఆయన మాటల్లోనే రాస్తాను. ఖాతా పుస్తకం ఒక చేతిలో, ఫోన్ ఇంకో చేతిలో ఉన్న ఫొటో ఒకటి తీస్తాను. అలాంటి కొట్టాయన ఇంకా దొరక్కపోతే విడుదల రోజు నోట్ మానేసి, ఆయన దొరికాకే పంపుతాను. తెలుగు నోట్ జిల్లా డెస్కులకి, ఇంగ్లిష్ నోట్ స్టార్టప్‌ల గురించి రాసే ఇద్దరు ముగ్గురు విలేకరులకి విడివిడిగా, పేరు పెట్టి. మూడు రోజులాగి ఒక్కసారే ఫోన్ చేస్తాను. ఆ పాతిక వేలు పక్కన ఉంచి, ఒక్క నమ్మకమైన పేజీకి ఐదారు వేలలో దొరికితే తర్వాత చూసుకుంటాను. ఉచిత సైటు కావాలనుకుంటే ఒకటి చాలు, పెట్టేముందు అంకెలు ఇంకొకరితో చదివించండి.

ఎక్కడ పెట్టినా నోట్ కింద ఇంట్లోవాళ్ల నంబర్ మాత్రం ఇవ్వకండి. రెండో సిమ్ ఒకటి తీసుకోండి. మా ఆవిడ ఫోన్‌కి ఇప్పటికీ రోజుకి రెండు లోన్ కాల్స్ వస్తూనే ఉన్నాయి, రాగానే ఫోన్ తెచ్చి నా చేతిలో పెడుతుంది.