వాట్సాప్ పుకార్ల వల్ల నిజంగా మనుషుల మీద దాడులు జరుగుతాయా? మీరు చూశారా?

చూశాను. మాది పాలమూరు వైపు పల్లె. 2018 ఎండాకాలంలో పార్థీ ముఠా దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోయి కిడ్నీలు అమ్ముకుంటోందని ఒక వాయిస్ మెసేజ్ ఊరంతా తిరిగింది. "మా చుట్టాల ఊర్ల నిన్ననే ఇద్దరు పిల్లలు పోయిండ్రు" అని ఎవరిదో ఏడుపు గొంతు. ఆరుబయట మంచాలేసుకునే జనం తలుపులు బిడాయించుకున్నారు. మగవాళ్లు కర్రలు పట్టుకుని రాత్రంతా గస్తీ తిరిగారు.

అట్లాంటి రోజుల్లో, వెంట్రుకలకు స్టీలు సామాన్లిచ్చే ముసలాయన వచ్చాడు. కన్నడ యాస. కుర్రాళ్లు ఆపి ఆధార్ కార్డు అడిగితే లేదన్నాడు. సంచి లాక్కుని గుమ్మరిస్తే చిక్కు వెంట్రుకల ఉండలు పడ్డాయి. "ఇవి పిల్లలయే" అన్నాడొకడు. ఇక కొట్టుడే. పెదవి చిట్లి అంగీ నిండా రక్తం. పక్కింటి అవ్వ గ్లాసు పట్టుకుని ఉరికొచ్చి, "మా అత్త ఉన్నప్పటి సంది వస్తుండురా ఈయన! మా ఇంట్ల గిలాసలన్నీ ఈయనిచ్చినయే" అని అడ్డంపడితే గానీ ఆగలేదు. అప్పటికే ఆయన ఫోటో "దొంగ దొరికిండు" అంటూ పక్క ఊళ్లకు పాకిపోయింది. నడిచి వెళ్తే దారిలో ఇంకెవరైనా పట్టుకుంటారని బండి మీద బస్సు దాకా దింపాల్సి వచ్చింది.

మిగతా చోట్ల అవ్వలు లేరు. ఆ ఏడాది మే నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. జూలై 1న ధూలే జిల్లా రైన్‌పాడాలో, భిక్షాటనకు వచ్చిన సంచార జాతివాళ్లు ఐదుగురిని చంపేశారు. అదే నెల బీదర్ జిల్లాలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ప్రాణం పోయింది. ఆయన, ఆయన స్నేహితులు చేసిందల్లా పిల్లలకు చాక్లెట్లు పంచడమే. అప్పట్లో తిరిగిన కిడ్నాప్ వీడియో ఒకటి, కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో అసలు విషయం చెప్పే ముక్క కత్తిరించి వదిలారు.

చదువులేనివాళ్లే నమ్ముతారంటే ఒప్పుకోను. మా గ్రూపులోకి ఆ వాయిస్ మెసేజ్‌ను తెచ్చింది నెలజీతం తీసుకునేవాళ్లే. "నిజమో కాదో తెల్వదు, ఎందుకైనా మంచిదని పంపిన" అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. పుకారు పుట్టించినవాడి కంటే వీళ్లదే ఎక్కువ పాపం. ముక్కూమొహం తెలియనివాడు చెబితే ఎవరూ కర్ర పట్టరు, సారు చెబితే పడతారు. కొడుతుంటే ఆపకుండా ఫోన్‌లో వీడియో తీసేవాళ్ల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులను ఐదు చాట్లకు పరిమితం చేసింది. దానితో పెద్దగా ఒరిగిందేమీ లేదని నా అభిప్రాయం. గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి చేసిందే సరైన పని. కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపారు, డప్పు కొట్టించి పాటలు పాడించి చెప్పించారు. తెలిసిన గొంతు ఎక్కించిన భయాన్ని తెలిసిన మొహమే దించాలి. వెబ్‌సైట్లలో పెట్టే ఫ్యాక్ట్ చెక్‌లు మా ఊళ్లో ఎవరు చదువుతారు?

మా బావగారు ఇప్పటికీ ఇలాంటివి పంపుతుంటారు. వెంటనే ఫోన్ చేసి ఏ ఊరు, ఎవరి పిల్లాడు, ఏ స్టేషన్‌లో కేసు పెట్టారు అని అడుగుతాను. ఆయనకు కోపమొస్తుంది. రానీయండి, అడగడం మాత్రం మానను.