సమాధానం: బచన్ సింగ్ తీర్పులో ఏ నేర సిద్ధాంతం రాయాలి?

మరణశిక్షపై సుప్రీంకోర్టు ఇచ్చిన బచన్ సింగ్ తీర్పు (1980) ఏ నేర సిద్ధాంతాన్ని ఒప్పుకుందో తేలక టెన్షన్ పడుతున్నానన్నారు కదండీ. చిక్కంతా ప్రశ్నలోనే ఉంది. నేరం ఎందుకు చేశాడన్నది (నేర సిద్ధాంతాలు చెప్పేది ఇదే) వేరు, ఏ శిక్ష వేయాలన్నది వేరు. అక్కడ తేల్చింది రెండోదే: మరణశిక్ష రాజ్యాంగబద్ధమే, కానీ అత్యంత అరుదైన కేసుల్లోనే.

అయితే మొదటి ప్రశ్న దొడ్డిదారిన లోపలికొచ్చింది. శిక్ష తగ్గించడానికి చూడాల్సిన వాటిలో నిందితుడి వయసు, తీవ్రమైన మానసిక కల్లోలం, ఇంకొకరి ఒత్తిడి, మారే అవకాశం ఉన్నాయి. అమెరికా నేరశాస్త్రవేత్త సదర్లాండ్‌ను తెస్తే ‘ఇంకొకరి ఒత్తిడి’ దగ్గర తేవచ్చు. నేరం సాంగత్యంలో నేర్చుకునేదే అన్నాడాయన. కాస్త సాగదీతే, అయినా చెల్లుతుంది. ఉరి ఎక్కువగా పేదలకే పడుతుందన్న అదే కేసులోని జస్టిస్ భగవతి భిన్నాభిప్రాయం మాత్రం వదలకండి.

నేరాన్ని జబ్బులా చూసిన తీర్పే కావాలంటే ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన గియాసుద్దీన్ కేసు (1977) చదవండి. ఉద్యోగాలిప్పిస్తానని కుర్రాళ్లను మోసం చేసిన వ్యవహారం. జస్టిస్ కృష్ణయ్యర్ శిక్షను 18 నెలలకు తగ్గించడమే కాదు, జైల్లో అతనికి విసుగు పుట్టించే యాంత్రికమైన పని కాక, బుర్రకు పనిపెట్టేది ఇవ్వమన్నారు. శిక్ష మనిషిని మార్చడానికే అనే సంస్కరణ సిద్ధాంతానికి నేనైతే ఈ ఒక్క ఉదాహరణే రాస్తాను.